బల్ల మీద మూడో పళ్లెం

లొవీనా క్రాండల్ ముప్ఫై ఏళ్లుగా టోపీలు కుడుతోంది, పద్దెనిమిదేళ్లుగా భక్తి పాటలు రాస్తోంది. ఊరివాళ్లకు టోపీల సంగతే తెలుసు. పాటల పుస్తకంలో ఆమె పేరు రెండు పొడి అక్షరాలకు మించి ఎన్నడూ పడలేదు మరి. ఆ పుస్తకాలు వేసే హాల్‌స్టెడ్ ముందు బాణీ కట్టి, ఏ పాదానికి ఎన్ని అక్షరాలో అంకెలు వేసి టపాలో పంపేవాడు. పాట నేర్పే ప్రతివాణ్నీ ప్రొఫెసరనే రోజులవి కాబట్టి ఆయనా ప్రొఫెసరే. మంగళవారానికల్లా మాటలు కావాలనేవాడు. లొవీనా గడ్డి టోపీకి రిబ్బను చుడుతూ, సూది పోట్లతో లెక్క చూసుకుంటూ మాటలు పొదిగేది.

‘పళ్లెం’ పాట కూడా అలా పుట్టిందే. తమ్ముడు ఆసా ఒక సాయంత్రం పొరుగింటి పైకప్పు బాగుచేస్తూ భోజనానికి రాలేదు. చల్లారిపోతున్న బంగాళాదుంపలను చూసి విసుక్కుని, ఆ విసుగులోనే రాసేసింది. దారి తప్పినవాడి కోసం పళ్లెం పెట్టి ఎదురుచూసే ఇంటి గురించిన పాట అది. ఆసా పీపాలు చేసేవాడు. నలభై ఆరేళ్లొచ్చినా సారా మాట దేవుడెరుగు, పులిసిన ఆపిల్ రసం కూడా నాలుకకు తగలనివ్వలేదు. అబద్ధమాడటం అసలే చేతకాదు. కొత్త టోపీ బాగుందా అని అడిగిన పాస్టరమ్మకు బాగాలేదని చెప్పి, అక్క బేరం చెడగొట్టిన ఘనుడు.

ఆ ఆగస్టులో ప్రొఫెసర్ మొదటిసారి ఆ ఊళ్లో గుడారం వేసి జరిపే ప్రార్థన కూటాలకు వచ్చాడు. రెండు వేల మంది జనం. అక్కాతమ్ముళ్లది ముందు వరుస. పాట పాడించే ముందు దాని వెనుక కథ చెప్పటం ఆయన అలవాటు. తన పాట వెనుక కూడా కథ ఉందని లొవీనాకు అప్పుడే తెలిసింది.

ఈ పాట రాసిన సోదరికి ఒక తమ్ముడట. ఏడేళ్లు తాగాడట. ముసలితల్లి దుప్పటి కూడా అమ్ముకుని తాగాడట. అక్క రోజూ పళ్లెం పెట్టిందట. ఒక మంచు తెల్లవారుజామున పాకుతూ ఇంటికొచ్చి, ఆ పళ్లెం చూసి, ఇక ముట్టనని ఒట్టు పెట్టాడట.

"ఆ సోదరి ఎవరో కాదు, మీ ఊరి లొవీనా క్రాండలే," అన్నాడు.

తలలన్నీ ఆసా వైపు తిరిగాయి. ముసలితల్లట! అమ్మ ఆసాను కన్న నెలకే పోయింది. లొవీనా అంతా అబద్ధమని అందరి ముందూ అరవాలని లేవబోయింది. ఆసా ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కూర్చో అక్కా. హార్లో మోకరించాడు."

నిజమే. గుర్రాలకు నాడాలు కొట్టే హార్లో టిబెట్స్ పాపాలు ఒప్పుకునేవాళ్ల కోసం వేసిన ముందు బల్ల దగ్గర మోకాళ్ల మీద పడి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఊరికి వచ్చి రెండేళ్లయింది, తాగని రోజు లేదు. మానమని ఆసా ఎంత బతిమాలినా, చుక్క ముట్టనివాడివి నీకేం తెలుసు పొమ్మని వెక్కిరించేవాడు.

కూటం ముగియగానే హార్లో ఆసా చేతులు పట్టుకున్నాడు.

"నువ్వూ నాలాంటోడివేనని ఇన్నాళ్లూ చెప్పలేదేం అన్నా? మొదటి వారం ఎట్టా గడిపావు?"

ఆసా ముఖం పాలిపోయింది.

"ఒక్కడివే ఉండకు. రోజూ మా ఇంటికి భోజనానికి రా," అని, కాస్త ఆగి, "ఎనిమిదో రోజుకి తేలికవుతుంది," అన్నాడు.

పిడుగు పడినా లొవీనా అంత అదిరిపోయేది కాదు. పుట్టి బుద్ధెరిగాక వాడాడిన మొదటి అబద్ధం అది!

ఆ వారమంతా బల్ల మీద మూడు పళ్లేలు. హార్లో చేతులు వణుకుతుంటే చెమ్చా జారిపడేది. ఆసాకు మాత్రం ముద్ద దిగేది కాదు. తన పళ్లెం అలాగే వదిలేసి లేచేవాడు. నిజం చెప్పేస్తానని రోజూ అక్కతో అనేవాడు. చెప్పేయమనే ఆమె కూడా అనేది. ప్రొఫెసర్‌ను దులిపేస్తూ నాలుగు పేజీల ఉత్తరం అప్పటికే రాసిపెట్టింది.

ఎనిమిదో రోజు హార్లో గడ్డం గీసుకుని వచ్చాడు. రెండోసారి వడ్డించమని అడిగాడు.

"నువ్వు చెప్పినట్టే అయిందన్నా. ఇవాళ పొద్దున లేచేసరికి తేలికైంది."

అక్కాతమ్ముళ్లు బిత్తరపోయి ఒకరినొకరు చూసుకున్నారు. ఆసా చెమ్చా కింద పెట్టాడు.

"హార్లో, నీకొకటి చెప్పాలి. నేను..."

లొవీనా గబుక్కున లేచి, తమ్ముడి పళ్లెం నిండా బంగాళాదుంపలు వేసింది.

"ముందు తిను," అంది.