గడ్డిమోపు కింద మనిషి

మా ఆయన అల్లాబక్షుకి కోపం రాదు. ఆయన వాటా కూడా నాకే వచ్చింది. ఈ సంగతి ఆయన చెబితే ఎవరినీ నొప్పించకుండా చెబుతాడు కాబట్టి నేనే చెబుతున్నాను.

చిలకలూరిపేటలో పత్తి లారీ తోలీ తోలీ ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. లారీ దిగి, జిన్నింగు మిల్లు యజమాని శ్యామ్ సుందర్ గారి కారు ఎక్కాడు. మిరపకోతల రోజులొస్తే ఆయన నడిపే తీరు వేరు. పొద్దువాలేసరికి కూలీ ఆడవాళ్ళు చేలగట్ల మీద కోసిన పచ్చగడ్డి మోపుగట్టి నెత్తిన పెట్టుకుని రోడ్డు వారనే ఇళ్ళకు పోతుంటారు. చీర మీద మొగుడి పొడుగుచేతుల చొక్కా, ఘాటుకి మొహం చుట్టూ తువ్వాలు, నడుం దాకా వేలాడే గడ్డి. వెనక నుంచి చూస్తే మనిషి జాడే తెలియదు. ఈయన దూరాన్నే కనిపెట్టి, హారన్ కూడా కొట్టకుండా బండి నిదానం చేసేవాడు. హారన్ కొడితే ఉలిక్కిపడి మోపుతో సహా రోడ్డు మీదకు తిరుగుతారట.

నిరుడు శ్యామ్ సుందర్ గారు కొత్త కారు కొన్నారు. రోడ్డు మీది గీత దాటకుండా దానంతట అదే పోతుంది, అడ్డమొస్తే దానంతట అదే ఆగుతుంది. కొన్న దగ్గర్నుంచీ ఆయనకు ఆ కారు మీద దేవుడి మీదకంటే ఎక్కువ నమ్మకం.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం దర్శి నుంచి ఇద్దరూ వస్తున్నారు.

"స్టీరింగు మీద చెయ్యి ఊరికే ఆనించు, తిప్పకు. కాలు తీసెయ్. ఇంత పోసి కొన్నది నువ్వు తోలడానికా?" అన్నారట వెనక సీట్లోంచి.

"సార్, ముందు గడ్డిమోపు పోతోంది."

"నీకు కనపడింది దానికి కనపడదా? నోరు మూసుకుని కూర్చో."

దానికి కనపడలేదు. రోడ్డు పక్క పొద అనుకుందో ఏమో, వేగం తగ్గించనే లేదు. ఇక ఆగలేక మా ఆయన బ్రేకు మీద నిలబడి స్టీరింగు తిప్పేశాడు. కారు మూల తగిలి రెబ్కా అనే కూలీమనిషి కాలవలో పడింది. ప్రాణం దక్కింది, కాలు విరిగింది.

జనం పోగయ్యారు. మా ఆయన్ని కిందకు లాగి, చొక్కా చింపి, పళ్ళు కదిలేలా కొట్టారు. ఒక్కడంటే ఒక్కడు ఆ కారు మీద చెయ్యి వెయ్యలేదు. పైగా కొందరు లోపలికి తొంగిచూసి "అబ్బ, టీవీ అంత స్క్రీనుందిరోయ్" అన్నారట. మీ స్క్రీను తగలడ!

తర్వాత కంపెనీ మనిషి వచ్చి చూశాడు. "డ్రైవర్ బ్రేకు తొక్కగానే సిస్టమ్ తప్పుకుందండి. దెబ్బ తగిలినప్పుడు బండి ఆయన చేతిలోనే ఉంది" అన్నాడు. అంటే తొక్కకుండా ఉండి, ఆ మనిషి చచ్చిపోయుంటే అప్పుడు ఈయన నిర్దోషి అన్నమాట! శ్యామ్ సుందర్ గారు తల ఊపారు. టీకొట్టు దగ్గర పెద్దమనుషులు కూడా, "కొత్త టెక్నాలజీ కదా, మెల్లగా నేర్చుకుంటుంది" అన్నారు. మా ఆయన లారీ కొత్తగా పట్టిన రోజుల్లో ఒకరి మేకపిల్ల కాలు తొక్కితే స్తంభానికి కట్టేశారు. నేర్చుకుంటాడులే అన్న నాథుడు లేడు.

కేసు పడితే లైసెన్సు పోతుంది. ఈ వయసులో లైసెన్సు పోతే మాకు ఇంకో బతుకు లేదు. ఆ భయంతోనే, రెబ్కా వాంగ్మూలం ఇచ్చే రోజు నేనూ ఆయన వెంట ఆసుపత్రికి వెళ్ళాను.

రెబ్కా తిడుతుందనుకున్నాను. ఆమె ఎస్సై గారితో, "ఈ అన్న బండి తిప్పబట్టే నేను బతికానండీ. కేసు కారు మీద రాసుకోండి" అంది.

"కారు మీద రాయడం కుదరదమ్మా, తోలిన మనిషి పేరుండాలి. కేసు లేకపోతే ఇన్సూరెన్సు రాదు. కాల్లో రాడ్డు ఎవరు వేయిస్తారు?"

రెబ్కా కాలి కట్టు వంక చూసుకుంది. "అయితే రాయొద్దులెండి. కుంటుకుంటూనే పోతా."

నా గుండెల్లో బరువు దిగింది. నిజం చెప్పడానికి సిగ్గేముంది, దిగింది. అప్పుడు మా ఆయన ముందుకు జరిగాడు.

"నా పేరు రాయండి సార్. అల్లాబక్షు, డ్రైవరు."

"ఏమయ్యా, మతి పోయిందా నీకు? నీ తప్పేముంది ఇందులో?" అని వార్డంతా వినబడేలా అరిచాను.

"కుంటికాలితో ఆమెని కోతకి ఎవరు పిలుస్తారే?" అన్నాడు నెమ్మదిగా.

ఎస్సై కాగితం తీసి, "అజాగ్రత్తగా నడిపానని రాయాల్సి ఉంటుంది మరి" అన్నాడు.

"రాయండి."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఊరంతా కొట్టినా కోపం తెచ్చుకోని మనిషి, చెయ్యని తప్పు ఒప్పుకోవడానికి కూడా ఒక్క క్షణం ఆలోచించలేదు. సంతకం పెట్టి, జేబులోంచి లైసెన్సు తీసి, చొక్కాకి ఒకసారి తుడిచి ఎస్సై చేతిలో పెట్టాడు.