ఎర్ర రాళ్లు దాటొచ్చిన మా మురళి

ముందు నువ్వు కుదురుగా కూర్చో మేఘనా. కాళ్లు ఊపకు. ఆ ఫోనులో రికార్డింగ్ నొక్కి, కందిపప్పు డబ్బాకి ఆనించి పెట్టి, నేను చెప్పేది సరిగ్గా విను. ఒకసారి చెప్పింది మళ్లీ అడిగితే నాకు గుర్తుండి చావదు.

"నానమ్మా, యు డోంట్ హ్యావ్ టు షౌట్. ఇట్స్ రైట్ హియర్."

అరవక ఏం చెయ్యను? నెత్తి మీద విమానం పోతుంటే, లండన్ ఎయిర్‌పోర్టు పక్కనున్న ఈ హేస్‌లో ఎవరి గొంతైనా ఇంతే.

మన తెలుగువాళ్ల పత్రికలో అందరూ షుగరు గురించి, మోకాళ్ల ఆపరేషన్ గురించి రాస్తారు. చివర్లో అందరికీ తగ్గిపోతుంది. నేను చెప్పేది మీ నాన్న జబ్బు. తగ్గని జబ్బు గురించి కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా. చదివేవాళ్లకి మనమెవరో తెలీదు కాబట్టి మొదట్నించీ చెబుతాను. మధ్యలో "ఐ నో, ఐ నో" అనకు.

మురళి నాకు ఒక్కడే కొడుకు. మీ తాతయ్య ఇక్కడి హాస్పిటల్లో డాక్టరుగా చేరినప్పుడు వచ్చాం, మురళి ఈ ఇంట్లోనే పెరిగాడు. కేంబ్రిడ్జ్‌లో చదివాడు, రీడింగ్ అనే ఊళ్లో కంప్యూటర్ మీద మ్యాపులు తయారుచేసే ఉద్యోగం చేశాడు. హాయిగా ఉన్నవాడు ఒకరోజు వచ్చి, "అమ్మా, నేను లావోస్ వెళ్తున్నా, బాంబులు తీసే చారిటీలో పని" అన్నాడు. నేను చేతిలో గరిటె వదిలేశాను. ఎప్పుడో యుద్ధంలో విమానాల్లోంచి వేసినవట. అన్నీ పేలలేదట. ఇప్పటికీ పొలాల్లో, బంతుల్లా, మట్టిలో పడున్నాయట. ఇక్కడి ప్రభుత్వం సాయంగా డబ్బిస్తే ఈ చారిటీ వాళ్లు ఊరూరూ తిరిగి వాటిని తీసేస్తారు. "మనం కట్టే టాక్సులో ఇంతే పనికొచ్చేది" అనేవాడు. వాడి పని తవ్వడం కాదు, ఏ పొలం శుభ్రమైంది, ఏది కాలేదు అని మ్యాపు గీయడం. అందుకని నేనూ సుజాతా ధైర్యంగానే ఉన్నాం. సుజాత అంటే నా కోడలు, ఫార్మసీలో పనిచేస్తుంది, ఈ మేఘనకి తల్లి.

ఆ సాయం కొన్నేళ్లకని ఇస్తారు. గడువైపోయింది, మళ్లీ ఇవ్వాలా, ఎక్కడికివ్వాలా అని పైవాళ్లు చూసుకుంటున్నారు, ఈలోపు పని ఆగింది. మురళి ఇంటికొచ్చేశాడు. ఎడమ చెవిలో గుయ్‌మంటోందన్నాడు, అంతే. మనిషి చక్కగా ఉన్నాడు. మేం పండగ చేసుకున్నాం.

తేడా తెలిసింది ఒక ఆదివారం, పార్కులో. నువ్వు చిన్నపిల్లవి. నీ బంతి దారి మీంచి దొర్లి గడ్డిలోకి పోయింది. "డాడీ, గెట్ ఇట్!" అన్నావు. వాడు తారు దారి అంచున నిలబడ్డాడు. బంతి కనిపిస్తూనే ఉంది. చెయ్యి చాస్తే అందేంత దూరం. వంగలేదు. నేను నిన్ను ఆట పట్టిస్తున్నాడేమో అనుకుని నవ్వాను. దగ్గరికెళ్లి చూస్తే మెడంతా చెమట. చివరికి కుక్కని తిప్పుతున్న ఒక ముసలాయన బంతి తెచ్చిచ్చి, "లవ్లీ డే" అనేసి పోయాడు.

జీపీ దగ్గరికి, అంటే మా పేటలో డాక్టరు దగ్గరికి, చెవి పేరు చెప్పి తీసుకెళ్లాం. ఆవిడ టినిటస్, అంటే చెవిలో హోరు అంది, దేనికైనా మంచిదని ఎమ్మారై రాసింది. హాస్పిటల్లో స్కాన్ చూసిన డాక్టరు మన గుంటూరు అబ్బాయే.

"ఆంటీ, అంతా నార్మల్. బ్రెయిన్‌లో ఏమీ లేదు."

ఆ సంతోషంలో ఇంటికొచ్చి కేసరి చేశాను. మురళి తింటూ, "బ్రెయిన్‌లో ఏమీ లేదని నువ్వు నా చిన్నప్పుడే చెప్పావుగా అమ్మా, దానికి స్కాన్ ఎందుకు?" అన్నాడు. అందరం పడీపడీ నవ్వాం. వాడు మమ్మల్ని నవ్వించడం అదే ఆఖరు.

తర్వాత వచ్చింది శ్రావణ శుక్రవారం. తెల్లారే లేచి గడపకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. ఈ ప్లాస్టిక్ తలుపులకి గడప ఏమిటి, వేలెడంత. అయినా పెడతాను. మురళి తమలపాకులకి వెళ్లి వానలో తిరిగొచ్చాడు. తలుపు తీశాం. లోపలికి రాడు.

"రారా, తడిసిపోతున్నావు."

"అమ్మా, ఆ ఎరుపు ఎవరు పెట్టారు?"

"ఎవరు పెడతారు? నేనే. ఇవాళ శుక్రవారం."

"తీసెయ్ అమ్మా. ప్లీజ్. తీసెయ్."

పక్కింటి పంజాబీ ఆవిడ కిటికీలోంచి చూస్తోంది. వీడు సంచీ గుండెలకి పట్టుకుని, నీళ్లు కారుతూ, చిన్నపిల్లాడిలా వణుకుతున్నాడు. శుక్రవారం పూట గడప మీద కుంకుమ ఎవరైనా తుడుస్తారా? నా కొంగుతో నేనే తుడిచాను. అప్పుడొచ్చాడు లోపలికి. సుజాత వంటింట్లో కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆకులు రాలే కాలానికి పేవ్‌మెంట్ కూడా ఆకుల కింద కనిపించకుండా పోయింది. వాడికి బయటికెళ్లడం మొత్తం ఆగిపోయింది. మళ్లీ జీపీ. ఈసారి పీటీఎస్‌డీ అంది, ఘోరం చూసిన మనసుని వదలని భయమట. సెర్ట్రలిన్ రాసిచ్చి, థెరపీకి వెయిటింగ్ లిస్టులో పెట్టింది. ఆ మాత్రలు మొదట్లో వాంతులు తెప్పించాయి, తర్వాత నిద్రపుచ్చాయి. మనిషి మెత్తబడ్డాడు, కాళ్లు మాత్రం కదల్లేదు.

థెరపిస్టు మంచి మనిషి. కళ్ల ముందు వేళ్లు ఆడిస్తూ జరిగింది గుర్తుచేసుకోమంటారే, ఈఎండీఆర్, అది చేసింది. ఒకరోజు మమ్మల్నీ లోపలికి పిలిచి, "మీవాళ్ల ముందు చెప్పగలవా?" అని అడిగింది. వాడు నేల చూస్తూ చెప్పాడు. 

అక్కడ బాంబులు తీసిన చోట తెల్ల రాళ్లు పెడతారు, తియ్యని చోట హద్దుకి ఎర్ర రాళ్లు. ఎర్ర రాయి దాటకూడదని ఊరందరికీ నేర్పేవాళ్లలో వీడూ ఒకడు. ఒక ముసలి రైతు పొలం సగం అయ్యేసరికి సాయం గడువు తీరింది. వాన వచ్చింది. వరినారు ఆగుతుందా? ఆయన మిగతా సగంలో కూడా పార దింపాడు. వీడు వెళ్లొస్తానని చెప్పిపోదామని వెళ్లి గట్టు మీద ఉండగా పేలింది. 

"నేను ఎర్ర రాళ్లు దాటి పరిగెత్తాను. ఆయన్ని ఎత్తుకుని మళ్లీ అలాగే పరిగెత్తుకొచ్చాను. దారిలో పోయాడు. ఎక్కడెక్కడ అడుగేశానో నాకు గుర్తులేదు డాక్టర్. ఇప్పుడు ఎక్కడ అడుగేసినా అక్కడే వేస్తున్నట్టుంటుంది."

ఇదంతా నీకు ఎవరూ చెప్పలేదు కదూ. చెప్పే ధైర్యం ఎవరికుందిలే. ఏడవకు, ఫోను తడుస్తుంది.

తెల్ల రాయి అంటే భయం లేదన్నమాట అని నాకు బుర్రలో వెలిగింది. మర్నాడే గేటు నుంచి గుమ్మందాకా బియ్యప్పిండితో ముగ్గు పెట్టాను. నమ్మవు, చుక్క చుక్క చూసుకుంటూ గేటుదాకా వెళ్లొచ్చాడు! ఇంకేం, రోజూ ముగ్గే. ఈ ఊరి పావురాళ్లకి పండగ, నేను వేస్తుంటే వెనకాలే తినేసేవి. "హుష్, హుష్" అంటూ సుజాత వాటి వెంట చీపురుతో. ఒకరోజు వీడు గేటు దగ్గరుండగా వాన పడి ముగ్గు కొట్టుకుపోయింది. అక్కడే ఉండిపోయాడు. సుజాత పనిలోంచి వచ్చేదాకా గేటు పట్టుకునే ఉన్నాడు, నేనెంత పిలిచినా.

థెరపిస్టు కోప్పడలేదు. "మీది ప్రేమేనండీ. కానీ మీరు గుర్తు పెట్టేకొద్దీ గుర్తులేని చోటంతా ప్రమాదమని ఆయన మెదడు నేర్చుకుంటుంది" అంది. ముగ్గు మానేశాను. 

అయినా ఆవిడ చేత్తో కొంత బాగుపడ్డాడు. అబద్ధం చెప్పకూడదు. నీ స్కూల్లో ఆటల రోజున వచ్చి, పచ్చిక అంచున నిలబడి, ఒక పాదం గడ్డి మీద పెట్టాడు. నువ్వు పరుగులో చిట్టచివర వచ్చావు, ఎవరూ చూడలేదు, అందరం ఆ పాదమే చూస్తున్నాం.

"థ్యాంక్స్ ఎ లాట్, నానమ్మా."

అప్పుడే కబురొచ్చింది. ప్రభుత్వం మళ్లీ సాయం ఇస్తోంది, పని మొదలవుతోంది, ఆ ముసలాయన పొలం కూడా అందులో ఉంది. మురళి మొహం వెలిగింది. "ఆ పొలం శుభ్రమైతే చాలమ్మా" అనేవాడు. థెరపిస్టు కూడా, "ఇది ఆయనకి చాలా మేలు చెయ్యొచ్చు" అంది. నేను మొక్కని దేవుడు లేడు. దేవుళ్లని అడగాల్సింది అడిగాను, జరగాల్సింది జరిగింది. పొలం శుభ్రమైంది. అక్కడి స్నేహితుడు సంతోషంగా మ్యాపు పంపించాడు.

వీడు మ్యాపులు గీసేవాడు కదా. మనకి గీతల్లా కనిపించేది వాడికి నేలలా కనిపిస్తుంది. దొరికిన ప్రతి బాంబుకీ ఒక చుక్క పెట్టి ఉంది. వాడు చాలాసేపు చూసి, గట్టు మీంచి వేలు పెట్టి నెమ్మదిగా లోపలికి జరిపాడు. 

"అమ్మా, ఇది నేను పరిగెత్తిన దారి. చూడు. ఇటు ఉంది, అటు ఉంది. ఇదిగో, ఇక్కడ కూడా."

ల్యాప్‌టాప్ మూసేసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఈ రోజువరకూ గడ్డి మీద అడుగు పెట్టలేదు.

థెరపిస్టు ఏం దాచలేదు. "ప్రమాదం మీ మనసులోనే ఉందని ఇన్నాళ్లూ నేర్పుతున్నాం. అది నిజంగానే కాళ్ల కింద ఉందని ఆయన కళ్లతో చూశాడు. ఇప్పుడు ఏం చెప్పాలో నాకూ తెలియడం లేదు." మందు మార్చారు, డోసు పెంచారు, ఇంకో థెరపీ చేశారు. చివరికి ప్లాటో అన్నారు. అంటే ఇంక ఎక్కడు, దిగడు అని. డిశ్చార్జ్ చేశారు. అక్కడ ఆ పొలంలో ఎవరి మనవలో పరిగెడుతూనే ఉంటారు, నాకు సంతోషమే. ఆ డబ్బు దండగ అని నేననను. మా వాడికే ఆ సాయం అందలేదు.

ఇప్పుడు మా బతుకు ఇదీ. వెనక తోటలో పచ్చిక తీయించి పలకలు పరిపించాం, చివర ఒక బెంచీ. పొద్దున్నే నేను ముందు నడిస్తే నేను అడుగు తీసిన చోటే అడుగేస్తూ వెనకాల వస్తాడు. జీపీ క్లినిక్కుకైనా అంతే. టీవీలో ఎప్పుడూ ఆ బ్రెగ్జిట్ గోల, వాడికి అదీ పట్టదు. సుజాతని ముందు నడవనివ్వడు. నిన్ను అసలే నడవనివ్వడు, ఏముందో తెలియని చోట నిన్ను అడుగు పెట్టనిస్తాడా? నన్నైతే పర్లేదు. ముసల్ది, పోతే పోయిందిలే అనేమో!

"దట్స్ నాట్ ఫన్నీ, నానమ్మా."

నవ్వకపోతే ఎట్లాగే మరి. సరే, సలహా ఒకటి చెప్పాలి, పత్రికవాళ్లు అడుగుతారు. ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, చెయ్యి పట్టుకునేవాళ్లు ఇద్దరుండేలా చూసుకోండి. మొదటి నెలల్లోనే, మనిషి ఒకరికే అలవాటు పడకముందే, రెండోవాళ్లని కూడా పక్కన నిలబెట్టండి. మేం చేద్దామనుకునేసరికి ఆలస్యమైంది. నా మోకాళ్లు అరిగిపోయాయని మొన్ననే చెప్పారు. రేపు నేను మంచాన పడితే వాడు ఆ బెంచీ దగ్గరే...

"అత్తయ్యా! అన్నం వడ్డించేశాను, రండి. ఆయన బెంచీ మీంచి లేచి నిలబడ్డారు, మీ కోసమే చూస్తున్నారు."