క్యాబినెట్ మూత లోపలి కాగితం

పటమటలో మా ఆఫీసు కంప్యూటర్లు బాగుచేసే ఆయనకు ఒక అలవాటుండేది. హార్డ్ డిస్కును ఎన్ని పార్టిషన్లుగా, అంటే భాగాలుగా, విడగొట్టిందీ, ఒక్కోటి ఎంత సైజో కాగితంమీద పెన్సిల్‌తో రాసి, ఆ కంప్యూటర్ క్యాబినెట్ మూత లోపల అంటించేవారు.

ఒకసారి నేనే సొంత తెలివితో ఆ పార్టిషన్లు మార్చాను. మర్నాడు కంప్యూటర్ నల్ల తెర దాటి రాలేదు. ఆయన్ని పిలిచాం.

"మీరేమైనా మార్చారాండీ?" అని అడిగారు. పక్కనే మేనేజరుగారున్నారు.

"నేను ముట్టుకోనేలేదండీ," అన్నాను.

ఆయన మూత తీసి కాగితం చూశారు, తెర చూశారు. "అయితే నేనే ఏదో తప్పు చేసుంటానండీ," అని మేనేజరుగారితో చెప్పి, సాయంత్రానికి సరిచేసి వెళ్లారు. ఆఫీసువాళ్లు ఆయన్ని మళ్లీ పిలవలేదు.

ఏళ్ల తరవాత ఆ కంప్యూటర్‌ని పాత సామాన్లకు వేసేస్తూ మూత తీశాను. ఆయన అంకెల కింద నేను మార్చిన అంకెలున్నాయి, ఆయన చేతిరాతలోనే.