ప్యానెల్ బోర్డు తాళం

ఎనభైల్లో మాచర్ల దగ్గర ఒక చిన్న సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజినీరుగా పనిచేశాను. సున్నపురాయిని కాల్చే బట్టీకి అప్పుడే కొత్త ప్యానెల్ బోర్డు బిగించాం. అంతకుముందు బట్టీలోకి బొగ్గు ఎంత పోవాలో నిర్ణయించేది చాచా. ఆ సాయిబును ఫ్యాక్టరీలో అందరూ అలాగే పిలిచేవారు. నీలం అద్దంలోంచి మంటను చూసి, "ఇయ్యాల చానా కోపంగా ఉంది" అంటూ బొగ్గు తగ్గించేవాడు. నాకు ఒళ్ళు మండేది. మీటరు ఉండగా మంటకు కోపమేమిటి?

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, నేనొక కట్టడి పెట్టాను. చాచా రోజుకు పదిసార్లు బోర్డులోని బొగ్గు మీట తిప్పుతున్నాడని దానికి తాళం వేసి, తాళంచెవి నా దగ్గరే ఉంచుకున్నాను. "నన్నడక్కుండా ముట్టుకుంటే ఉద్యోగం ఉండదు" అని షిఫ్టు మొత్తం వినేలా అరిచాను. ఆయనకు మా నాన్న వయసు.

నాలుగో రోజు పనిమీద నరసరావుపేట వెళ్ళాను. హోటల్లో చేతిరుమాలు కోసం జేబులో చెయ్యి పెడితే తాళంచెవి తగిలింది. బయల్దేరేటప్పుడు దాన్ని చాచాకు ఇచ్చి రావాలని తట్టనే లేదు. పెసరట్టు వదిలేసి లేచాను. ట్రంక్ కాల్ బుక్ చేస్తే లైను దొరకలేదు. బస్సెక్కితే పిడుగురాళ్ల దగ్గర సున్నం లారీలు అడ్డం. బొగ్గు ఎక్కువైతే బట్టీ లోపలి ఇటుకలు ఊడతాయి, పైనున్న ఇనుప రేకు ఎర్రబడుతుంది. ఆ పక్కనే మనుషులు పనిచేస్తుంటారు. కండక్టరును రెండుసార్లు ఊరికే కసురుకున్నాను.

ఫ్యాక్టరీ గేటు దగ్గర చాచా నిలబడి ఉన్నాడు. చేతిలో పగిలిన తాళం.

"మంట ముదిరింది సార్. రేకు ఎర్రబడింది. చూసి చూసి, ఇంక లాభం లేక సుత్తితో తాళం కొట్టి బొగ్గు తగ్గించా. ఇప్పుడు బానే ఉంది, ఎవరికేం కాలా. తప్పయిపోయింది సార్, ఉద్యోగం మాత్రం తియ్యమాకండి."

చేతులు జోడించాడు. నాకు సిగ్గేసింది.

"రేకు ఎర్రబడగానే కొట్టాల్సింది కదా చాచా" అన్నాను.

"ఎట్టా కొడతా సార్? గంటసేపు బట్టీ కాడే నిలబడ్డా, మీరొస్తారేమోనని."

అప్పుడు చూశాను, ఆయన ముంజేతులు వేడికి కందిపోయి ఉన్నాయి. ఆ మనిషిని బట్టీ కంటే నేనే ఎక్కువ భయపెట్టాను.