బిడ్డకు జాగ

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది పెద్దపల్లి దగ్గర పల్లె. వరి పొలాలు, రెండు పాడి బర్రెలు, తిండికి లోటు లేని ఇల్లు. నేను పెద్ద కోడలిని. అత్తకు చూపు మందగించాక వంటిల్లు నా చేతికి వచ్చింది. తరువాత మరిది పెళ్లి అయి, నా ఏరాలు కాపురానికి వచ్చింది. పేరు రాయను. తల్లి లేని పిల్ల. నెల తప్పాక తొలి కానుపు మా ఇంట్లోనే అనుకున్నాం. మరిదికి బెల్లంపల్లిలో బొగ్గుబాయి పని. పోయేటప్పుడల్లా, "వదినా, దాన్ని నీ చేతుల పెట్టి పోతున్న" అనేవాడు.

మా దిక్కు ఒక నమ్మకం ఉంది. అన్నం, బిడ్డ కడుపులో ఒక్క చోటే ఉంటాయట. అన్నం నిండితే బిడ్డకు జాగ ఉండదట, బిడ్డ పెరిగితే కానుపు కష్టమట. అందుకని నెలలు నిండేకొద్దీ తిండి తగ్గిస్తారు. నాకూ అత్త అట్లాగే పెట్టింది. ఇంటి నిండా పాడి ఉండగా పలుచటి చల్లతో రెండు ముద్దలు తిని లేచేదాన్ని. నా బిడ్డ పుట్టి ఏడవలేదు. మళ్లీ నాకు కడుపు నిలవలేదు. నా రాత అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఏరాలికి కాళ్లు వాస్తుంటే బండి కట్టించి సర్కారు దవాఖానకు నేనే తీసుకుపోయాను. నర్సమ్మ ఆమె కంటి రెప్ప లాగి చూసి నన్ను పక్కకు పిలిచింది. రక్తం లేదంది. పప్పు, తోటకూర, గుడ్డు, పాలు పెట్టమంది. జాగ మాట వట్టిదని, బిడ్డ ఉండే సంచి వేరు, అన్నం పోయే సంచి వేరని ఓపికగా చెప్పింది. నాకు బాగా అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే ఇవాళ ఇది రాసే పనే లేదు.

బండిలో వస్తున్నంతసేపూ ఒకటే రంపపు కోత. నర్సమ్మ మాట నిజమైతే నా బిడ్డ తిండి లేక పోయినట్టే కదా? నాకు ఎవరూ చెప్పని మాట, ఈమెకు నేనెందుకు చెప్పాలి? అంత చిన్న బుద్ధి నాదేనా? నాదే. ఎప్పటిలాగే తినమందని ఇంట్లో చెప్పాను.

తొమ్మిదో నెలలో ఒక మధ్యాహ్నం ఆమె అన్నం తిని కంచం ముందు నుంచి లేవలేదు.

"అక్కా, ఆకలి ఆగుతలేదు. జరంత పప్పు ఉన్నదా?"

"జాగ ఉంచుకోవాలె పిల్లా. రేపు కానుపుల నువ్వే పరేషానైతవు."

"గంతే గదా అక్కా. నీకు ఎరుకనే," అని నవ్వి, చెంబెడు నీళ్లు తాగి లేచింది.

మిగిలిన పప్పు బర్రె కుడితిలో పోశాను.

కానుపు సులువుగానే అయింది. మంత్రసాని నన్ను మెచ్చుకుంది. మగపిల్లవాడు, పిడికెడంత. పాలు గుంజే బలం లేదు. పురుటి స్నానం కాకముందే పోయాడు. ఆమె నా ఒళ్లో తల పెట్టి, "నీ పుణ్యాన నేనన్న బతికిన అక్కా" అంది. నేను ఆమె తల నిమురుతూ కూర్చున్నాను.

ఆమె మళ్లీ కడుపుతో ఉన్నప్పుడు నేను పాలు ఇస్తే, బిడ్డకు జాగ ఉండాలె గదా అని గ్లాసు నా వైపే నెట్టింది. నిజం చెబితే పాతది బయటపడుతుంది. దవాఖానకు కొత్త నర్సమ్మ వచ్చిందని, ఆమె తినమందని ఇంకో అబద్ధం ఆడి తినిపించాను. గట్టి ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు బడికి పోతోంది. అందరూ నాది చల్లని చెయ్యి అంటారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

బాగా తిని ఉంటే ఆ పిల్లవాడు బతికేవాడో లేదో నాకు తెలియదు. ఇన్నేళ్లు ఆ అనుమానం చాటునే దాక్కున్నాను. తెలిసింది ఇంతే. ఆమెకు ఆకలైంది. కుండలో పప్పు ఉంది. నేను పెట్టలేదు. ఇది రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకంటే నాకు దక్కకూడదు.