రాహుకాలానికి ఒక ఎర్ర ముక్క

పుదుచ్చేరి బజారులో మాది ఫ్యాన్సీ కొట్టు. గాజులు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు, జడపిన్నులు. ఆ కొట్టు మూలలో నేను వేసుకున్న చిన్న బల్లను మా నాయన ఏనాడూ బల్ల అనలేదు, "ఆ అడ్డం" అనేవాడు. ఎనభైల మొదటి సంవత్సరాలవి. బ్యాటరీ వాచీలు బజారులోకి దిగాయి, కీ ఇచ్చే వాచీలను జనం పెట్టెల అడుక్కి తోసేస్తున్నారు. సరిగ్గా అప్పుడే నేను కీ వాచీలు సొంతంగా తయారు చేయాలని కూర్చున్నాను. నాలుగు తరాలుగా వ్యాపారం చేస్తున్న ఇంట్లో ఇలాంటి తెలివి నాకొక్కడికే అబ్బింది.

పని ఇలా సాగేది. ఆదివారం సంతలో ఫుట్‌పాత్ మీద పాత వాచీలు దొరికేవి. ఫ్రెంచి కొలువు చేసి పింఛను తీసుకున్న పెద్దవాళ్ళ ఇళ్ళలోనుంచి వచ్చినవి. డయల్ నల్లబడినా లోపల మిషను రాయిలా ఉండేది. నేను పక్కనున్న కళ్ళద్దాలు బేరమాడుతూ, పోతూపోతూ వాచీని కొసరుగా అడిగేవాణ్ణి. అలా నాకు కళ్ళద్దాలు కూడా చాలా జమయ్యాయి. మిషను కడిగి, నూనె వేసి, ఇత్తడి రేకుతో కొత్త డయల్ కోసి, రంగు వేసి, కొత్త గుల్లలో, అంటే పైకేసులో, కూర్చేవాణ్ణి.

కూర్చినవి కూర్చినట్టే ఉండిపోయాయి. ఒక రోజు నాయన గల్లా దగ్గరనుంచే తీర్పు చెప్పాడు.

"ఇదో చూడు. దీపావళి సరుకు దిగేలోపల ఎవడన్నా ఒకడు వాడంతట వాడే మన కొట్టుకొచ్చి, నువ్వు చేసిన వాచీ కావాలని అడగాల. అడిగి కొన్నాడంటే ఆ మూల నీది. లేదంటే ఆడ ప్లాస్టిక్ బక్కెట్లు పెడతా. నువ్వొచ్చి గల్లాకాడ కూచో."

"మనోళ్ళు అడిగితే?"

"మనోళ్ళు మొహమాటానికి అడగతారు. అది చెల్లదు."

గల్లా దగ్గర కూర్చోవడమంటే జీవితాంతం కూర్చోవడమే. ఆ మూలను వదలకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

వాచీకి అందం కావాలనుకున్నాను. అందమంతా ఫ్రెంచివాళ్ళు కట్టిన సముద్రం వైపు వీధుల్లో ఉంటుందని మా బజారులో అందరికీ ఉన్న నమ్మకమే నాకూ ఉండేది. సైకిలు తీసుకుని ఆ వీధులన్నీ తిరిగాను. బాల్కనీల ఇనుప తీగలు, కిటికీల మీది అరచక్రాలు, లైట్‌హౌసు, అన్నీ గీసుకొచ్చి డయళ్ళకు ఎక్కించాను. తీగల డయల్ నిజంగా బాగుండేది. ఆ తీగల్లో ముల్లు ఎక్కడుందో మాత్రం చేసిన నాకే కనబడేది కాదు.

ఎదురుగా బట్టల కొట్టు. దాని యజమానిని బజారంతా మామ అనేది. ఆయన నన్ను అల్లుడా అనేవాడు, కూతురినిచ్చే ఉద్దేశం ఏ కోశానా లేకుండా. తీగల వాచీ తీసుకెళ్ళి చూపిస్తే అటూ ఇటూ తిప్పాడు.

"అల్లుడా, ఇది వాచీనా కిటికీనా? టైము తెలియాలంటే తలుపు తెరవాల్నా?"

అంతటితో గీయడం ఆపేసి మనుషులను చూడడం మొదలుపెట్టాను. మా బజారులో ఎవరు, ఎప్పుడు, ఎందుకు వాచీ చూస్తారు? మామనే గమనించాను. పెద్ద బేరం కుదిరే ముందు మణికట్టు చూసుకునేవాడు, తర్వాత గోడ మీది క్యాలెండరు, మళ్ళీ మణికట్టు. రాహుకాలం! రోజుకు గంటన్నర, సోమవారానికి ఒక వేళ, మంగళవారానికి ఇంకో వేళ. ఆ వేళలు అందరికీ కంఠతా వచ్చు. అయినా చేతిలో సరుకు ఉన్నప్పుడు ఎవరూ తమ జ్ఞాపకాన్ని నమ్మరు. నాకు కావలసింది సముద్రం ఒడ్డున లేదు, ఎదురు కొట్టులోనే ఉంది.

ఏడు వారాల రాహుకాలాలనూ డయల్ మీద ఎరుపులో వేశాను, ఒక్కో వారానికి ఒక్కో ఛాయ. సన్న కుంచెతో మెడ పట్టేసేదాకా కూర్చుని ముగించాను. గర్వంగా తీసుకెళ్ళి మామ చేతిలో పెట్టాను. ఆయన దగ్గరగా చూశాడు, దూరంగా పెట్టి చూశాడు.

"ఎరుపు యాడనుంచి యాడదాకా ఉండాది?"

"ఏడున్నర నుంచి..." అని మొదలుపెట్టి వేలితో చుట్టూ తిప్పుకుంటూ పోయాను. వేలు ఎక్కడా ఆగలేదు. "...ఆరు దాకా."

"అంటే నేను పొద్దున ఏడున్నరకి కడ మూసేసి, ఆరుకి తెరిచి, ఏడున్నరకి మళ్ళా మూయాల. గంటన్నర మిగిల్చినాడు మహానుభావుడు." గుమాస్తాలు చీరలు వదిలేసి నవ్వారు. "వారం మొత్తానికీ చాలినంత రాహువుని ఒకే రోజు చేతికి కట్టుకునే ధైర్యం నాకు లేదు అల్లుడా. ఈ రోజుది ఈ రోజు చూపించు. కట్టుకుంటా."

ఆయన పరాచికంగానే అన్నాడేమో. నేను మాత్రం మాట పట్టుకున్నాను. ఆ సాయంత్రమే డయల్ మీది రంగంతా గీకేశాను.

మరో రెండు వారాలు దారి తోచలేదు. ఒక మధ్యాహ్నం ఒకావిడ మా కొట్టులో పౌడరు డబ్బా కొంటూ, మూత సరిగ్గా తిరుగుతుందో లేదోనని తిప్పి చూసింది. తిప్పితే చిల్లులు తెరుచుకుంటాయి, ఇంకాస్త తిప్పితే మూసుకుంటాయి. ఆ డబ్బాలను పుట్టినప్పటినుంచీ అమ్ముతున్నాను. ఎరుపు ఉండాల్సింది డయల్ మీద కాదు, తిరిగే మూత మీద! వాచీ అద్దం చుట్టూ తిరిగే ఇత్తడి వలయం ఒకటి, దాని మీద గంటన్నర వెడల్పుకు ఒకే ఎర్ర ముక్క. పొద్దున్నే కీ ఇచ్చేటప్పుడు ఆ రోజు వేళకు తిప్పుకుంటే చాలు. నేను ఆవిడ చేతిలోని డబ్బానే చూస్తూ నిలబడిపోతే, "ఏందయ్యా, అమ్మతావా లేదా?" అని అరిచింది.

వలయం కోసం కోసపాళయంలో లేతు పట్టే మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. మొదటిది గట్టిగా పట్టేసింది. రెండోది ఎంత వదులంటే, చొక్కా చేయి తగిలితే సోమవారం కాస్తా గురువారమయ్యేది. ఒక్కో వేళ దగ్గర టక్కుమని ఆగాలంటే లోపల గాట్లు పెట్టాలి, గాట్లలో పడే స్ప్రింగు కావాలి. స్ప్రింగు మా కొట్టులోనే దొరికింది. జడపిన్ను విరిచి ఆ రేకును అరగదీశాను. విరిచిన పిన్నులను నాయన కంటబడకుండా దాచడం అన్నిటికన్నా కష్టమైన పని.

"గాట్లు ఎనిమిదంటావు, వారాలు ఏడే గదా. ఎనిమిదోది దేనికి?" అన్నాడు మేస్త్రి.

"ఆరు నుంచి ఏడున్నర. అది రాహువుకి సెలవు."

"బాగుండాది. నాకే లేదు సెలవు."

అలా నాలుగో వలయం నిలిచింది. మామ మాట తప్పలేదు. అరపూట బేరమాడి, నా ధరలో సగం కోసి, కట్టుకున్నాడు. పరుగున వచ్చి నాయనకు చెప్పాను.

"వాడు మనోడు. చెల్లదు," అని ఆయన రిబ్బను కొలుచుకున్నాడు.

దీపావళి సరుకుకు ఆర్డరు వెళ్ళిపోయింది. ఇంకో వాచీ చేసి పెట్టుకుని కూర్చున్నాను. ఒక శుక్రవారం విల్లియనూరునుంచి ఒక కుటుంబం పెళ్ళి చీరలకని మామ కొట్టుకు వచ్చింది. తెరిచినప్పటినుంచీ బేరం తెగడం లేదు. చివరికి మామ చేయి చాపి వాచీ చూపించాడు.

"అమ్మా, ముల్లు చూడండి. ఇదో, ఎరుపు తాకబోతా ఉండాది. తాకిందంటే చీరలు మడిచి లోపల పెట్టేస్తా. మీరు పన్నెండు దాకా కాఫీ తాగి రండి."

"మడవబాకయ్యా!" అని పెద్దావిడ కేక వేయడం నా బల్ల దాకా వినిపించింది. బేరం కుదిరిపోయింది. కాసేపటికి ఆ ఇంటాయన వీధి దాటి నేరుగా మా కొట్టులోకి వచ్చాడు.

"ఎర్ర ముక్క వాచీ చేసేది ఈడేనా? నాకొకటి కావాల."

లేచి వాచీ తీయబోయాను. నాయన చేయి అడ్డం పెట్టాడు.

"అయ్యా, పదిన్నర దాటింది. ఇప్పుడు వద్దు. పన్నెండు దాటినాక రండి."

ఆ మనిషి తల ఊపి వెళ్ళిపోయాడు. బస్సు పట్టుకుని ఊరెళ్ళిపోతే? "నాయనా, అడిగినాడు గదా!" అన్నాను.

"అడిగి కొనాలంటిని. కొన్లేదు."

"నువ్వే గదా పంపిస్తివి!"

"రాహుకాలంలో మొదలైన బేరం నీకొద్దు."

ఆ గంటన్నరా వీధి చివర కనిపించిన ప్రతి తెల్లచొక్కానూ విల్లియనూరు మనిషనుకున్నాను. పన్నెండు కొట్టింది. ఎవరూ రాలేదు. నేను వీధి దాటి మామ కొట్టు గడపలో నిలబడి రెండు వైపులా చూస్తుంటే, భోజనం చేసి పళ్ళు కుట్టుకుంటూ ఆ విల్లియనూరు మనిషి మా కొట్టుకు వచ్చాడు. బ్యాటరీ వాచీ ఇందులో సగానికే వస్తుందన్నాడు. తగ్గిద్దామని నేను నోరు తెరిచేలోపల నాయన, "దాంట్లో రాహుకాలం ఉండదు గదయ్యా," అన్నాడు. నేను చెప్పిన మొదటి ధరకే అమ్మేశాడు. నా వాచీ తరఫున నాయన బేరమాడడం అదే మొదలు.

వాచీ కొన్నాయన వెళ్ళాక నాయన మూలలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఆ బల్బు మార్చు. ఈ వెలుతురులో కండ్లు పోతాయి."

మూల ఇచ్చేసినట్టే. ఇచ్చేవాడు మెత్తబడినప్పుడే అడగాలని నాకు నేర్పింది ఆయనే కాబట్టి, వెంటనే గోడలు కూడా అడిగాను, అరలు కొట్టుకోవడానికి.

"మూల ఇచ్చినా. గోడలు నావి."

"గోడలు లేకుండా మూల యాడిది నాయనా?"

చివరికి ఒక గోడకు ఒప్పుకున్నాడు. రెండోదాని కోసం మరుసటి వారం నుంచీ మొదలుపెట్టాను.