గుర్రపు సేనాని పాఠం

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక మా చెల్లెలి మనవరాలు ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. అమెరికాలో ఏదో ఊరి కూడలిలో, గుర్రం మీద కూర్చున్న సైన్యాధిపతి కంచు విగ్రహాన్ని క్రేన్‌తో ఎత్తి లారీలోకి దించుతున్నారు. పేరు చదవకముందే అదెవరో పోల్చుకున్నాను. నలభై ఏళ్ళ కిందట శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో ఆ మనిషి పాఠం చెప్పబోయి నేను ఉద్యోగం పోగొట్టుకున్నాను.

ఆ రోజుల్లో బి.ఏ. చరిత్ర చదివినవారికి గుర్తుండే ఉంటుంది, అమెరికా అంతర్యుద్ధం మనకొక పెద్ద పాఠం. నేను తాత్కాలిక లెక్చరర్‌ని. వేసవిలో మా శాఖ పెద్దాయన సంతకం పెడితేనే జూన్‌లో మళ్ళీ నాకు తరగతులు. నాన్నగారు మంచాన పడి, ఇల్లు నా మీదే నడుస్తున్న కాలమది. పెద్దాయన మంచివారే, ఎచ్చెర్ల వైపు భూములున్న కుటుంబం. బానిసల్ని ఉంచుకునే హక్కు కోసం దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల పక్షాన పోరాడిన ఈ సేనాని అంటే ఆయనకు ప్రాణం. పత్తి తోటల యజమాని కొడుకు దేశ సైన్యంలో చేరడం, యుద్ధం రాగానే ఆ కొలువు వదిలి సొంత రాష్ట్రానికి వెళ్ళిపోవడం, రౌతులతో శత్రువు వెనక్కి చేరి రైలు పట్టాలు పీకడం, వంతెనలు తగలబెట్టడం, తన కింద మూడు గుర్రాలు కూలినా నాలుగోది ఎక్కడం, చివరికి ఓడి కత్తి అప్పగించడం, ఇదంతా ఆయన చెబుతుంటే గిట్టల చప్పుడు వినిపించేది.

ఆ ఏడు ఆ పాఠం నన్ను చెప్పమని, తాను వెనక బెంచీలో కూర్చుని వింటానన్నారు. అది నాకు పరీక్షేనని తెలిసి, ఆయన నోట్సంతా కంఠతా పట్టి వెళ్ళాను.

వంతెన తగలబడే ఘట్టంలో ఉండగా ఒక అమ్మాయి లేచి నిలబడింది. శ్రీకూర్మం దగ్గరి పల్లె నుంచి మొదటి బస్సుకు వచ్చేది. తండ్రి ఒక రైతు ఇంట కంబారి, అంటే ఏడాది పొడుగునా ఆ ఇంటి పనికే కట్టుబడిన పాలేరు. తరగతిలో ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"ఆయన అన్నేళ్ళు గుర్రమెక్కి తిరుగుతుంటే, ఇంటికాడ ఆయన పొలం ఎవులు దున్నినారు మేడమ్?"

కొందరు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. అది సిలబస్‌లో లేదు, కూర్చోమన్నాను. ఆ మాట అన్నందుకు ఈనాటికీ సిగ్గుపడతాను. ఆమె ఎదురు చెప్పలేదు, కూర్చోనూ లేదు, బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడింది. నవ్వులు ఆగిపోయాయి. పెద్దాయన కళ్ళజోడు తీసి నా వైపే చూస్తున్నారు. మంచం మీది నాన్నగారు కళ్ళ ముందు మెదిలారు. నోట్సు మూసేశాను.

బానిసలు దున్నారన్నాను. ఆయన గుర్రాలకు మేత వేసిందీ వాళ్ళేనని, కూలి లేదని, కన్నబిడ్డల్ని అమ్మేసినా అడిగే దిక్కు లేదని, అది అలాగే సాగాలనే ఆయన పోరాడాడని చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"పారిపోనేదా మేడమ్?"

"పారిపోయారమ్మా. కొందరు అవతలి సైన్యంలో చేరి, తుపాకీ పట్టుకుని ఆయన మీదికే వచ్చారు."

అప్పుడు కూర్చుంది.

గంట కొట్టగానే పెద్దాయన లేచి వెళ్ళిపోయారు. ఆ వేసవిలో సంతకం పెట్టలేదు. ఆరునెలలు తిరగ్గా తిరగ్గా విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో చోటు దొరికింది, అక్కడే రిటైరయ్యాను.

చాలా ఏళ్ళకు ఆ అమ్మాయి విజయనగరం బస్టాండులో కనిపించి కాళ్ళకు దణ్ణం పెట్టింది. హైస్కూలు టీచరయింది. తన చెల్లెలు కూడా ఆ కాలేజీలోనే చదివిందట. "మీరు ఎళ్ళిపోయిన మరుసటేడు పెద్దసారే ఆ పాఠం సెప్పినారట మేడమ్. గుర్రాల కత కన్నా ముందు, ఆ తోటల్లో పనిసేసినోలెవులో సెప్పినాకే మొదలెట్టినారట."

ఆయన పోయి అప్పటికి రెండేళ్ళయిందని కూడా ఆమే చెప్పింది.

ఇప్పుడా కాలేజీలో చరిత్ర చదివేవారు లేక ఆ విభాగమే ఎత్తేశారని విన్నాను. పల్లెల్లో కంబారీలూ లేరు, అందుకు సంతోషమే. నేను మాత్రం అన్నేళ్ళు కోపం కడుపులో పెట్టుకుని, ఎన్నోసార్లు బస్సులో ఎచ్చెర్ల మీదుగా వెళ్ళి కూడా, ఆయన్ని చూడ్డానికి ఒక్కసారీ దిగలేదు.